గేదెల దిబ్బకు వీరుడి పేరు

నడిమిలంక,
కలిదిండి దగ్గర,
6 సెప్టెంబరు 2023, బుధవారం.

ఏలూరులో ద్వీపాలకూ దిబ్బలకూ పేర్లు పెట్టే ఆఫీసరు గారికి రాజ్యం నమస్కరించి రాయునది.

నేను క్షేమం. మీరు నాకు తెలియదు కాబట్టి మీ క్షేమం అడగడానికి మొహమాటంగా ఉంది. అయినా బాగుండాలని కోరుకుంటున్నాను.

మొన్న జనవరిలో అండమాన్‌లో ఇరవై ఒక్క ద్వీపాలకు పరమవీరచక్ర వచ్చిన వీరుల పేర్లు పెట్టారని టీవీలో చూశానండి. మాకు ఇరవై ఒకటి అక్కర్లేదు, ఒక్కటి చాలు. మా ఊరికీ కొల్లేటికీ మధ్య ఒక దిబ్బ ఉంది. గేదెల దిబ్బ అంటారు. దానికి మా ఆయన పేరు పెట్టించాలి. ఆయన డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేసి సేనా మెడల్ తెచ్చుకున్నారు. పరమవీరచక్ర కాదని నాకు తెలుసు. మాదీ అండమాన్ ద్వీపం కాదు కదండీ.

మొన్న ఆగస్టు పదిహేనుకి స్కూల్లో ఆయన్ని రెండో వరసలో కూర్చోబెట్టారు. చెరువుల సంఘం ప్రెసిడెంటు ముందు వరసలో కూర్చున్నాడు. మా ఆయన ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నారు. నాకే మనసు ఊరుకోలేదు.

ఆయన ఉండగా అయితే ఈ పని చేయనిచ్చేవారు కాదు. ఇప్పుడు లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఇట్లు,
రాజ్యం

తా.క.: కంప్యూటరులో పెట్టమన్నారు కానీ అందులో మా ఊరు రావడం లేదు. ఊరు ఇక్కడే ఉంది, చూసుకునే రాస్తున్నాను.


స్థల నామాల విభాగం,
ఏలూరు,
8 సెప్టెంబరు 2023.

గౌరవనీయులైన శ్రీమతి రాజ్యం గారికి,
సీనియర్ అసిస్టెంట్ అబ్దుల్ జబ్బార్ వినయపూర్వక నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. వారు లేరన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆఫీసులో ఇంకెవరికీ చదివి వినిపించలేకపోయాను. ఆ లోటు ఎవరూ తీర్చలేనిదండి.

ఇలాంటి సమయంలో అడగడం బాధగానే ఉంది కానీ ఫైలు తెరవాలంటే కొన్ని వివరాలు కావాలి. ముందుగా వారి పేరు. మీరు ఉత్తరమంతా 'ఆయన' అనే రాశారు. 'ఆయన దిబ్బ' అని బోర్డు రాయిస్తే ఎవరి ఆయన అని అడుగుతారు. తరువాత, వారు వెళ్లిపోయిన తేదీ, స్థలం. మెడల్ ఏ ఘనకార్యానికి ఇచ్చారో ఒక పేరా. చివరగా, సదరు దిబ్బ సంవత్సరం పొడవునా ద్వీపమేనా అన్నది.

తొందరేం లేదు. మనసు కుదుటపడ్డాకే రాయండి. మంగళవారంలోగా అయితే మంచిది.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
అబ్దుల్ జబ్బార్

తా.క.: మా తరఫున ఏ సాయం కావాలన్నా మొహమాటపడకండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు మాత్రం సీటులో ఉండను.


నడిమిలంక,
10 సెప్టెంబరు.

జబ్బార్ గారికి,
రాజ్యం నమస్కారాలు.

ఆఫీసులో ఇంత మంచివాళ్లుంటారని అనుకోలేదండి. ఆయన నాలుగు రోజులు లేకపోతే ఇంత బాధపడ్డవాళ్లు మా చుట్టాల్లో కూడా లేరు.

ఆయన పేరు నేను పలకకూడదు. రాయడమూ అంతే. మీరే అర్థం చేసుకోండి. శివుడికి ఉన్న పేరు ఒకటి, దాని వెనక పూజ అయ్యాక చేతిలో పెట్టేది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి కలిదిండి బస్‌స్టాండులో వెళ్లిపోయారు. బస్సులో కూర్చున్నారు, అంతే. నాకు చెయ్యి కూడా ఊపలేదు. బుధవారం కన్ను మూసేశారు. మా అమ్మాయి ఇందుజ ఫోన్ చేసి చెప్పింది. ఏ తేదీ వేసుకుంటారో మీ ఇష్టం.

మెడల్ ఎందుకిచ్చారో నాకు తెలియదు. పెళ్లయి నలభై తొమ్మిదేళ్లు. అడిగినప్పుడల్లా కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోతారు. అడగడం మానేశాక ఇంట్లో ఉండటం ఎక్కువైంది. తెలుసుకోవాలని మాత్రం ఉంది.

దిబ్బ వానాకాలంలో ద్వీపమే. వేసవిలో గేదెలు నడిచి వెళ్తాయి.

పదకొండో రోజున, అంటే ఈ గురువారం, ఇంట్లో భోజనాలు పెట్టుకుంటున్నాం. మీరు తప్పకుండా రావాలి.

ఇట్లు,
రాజ్యం

తా.క.: కొరమీను పులుసు. మైకు సెట్టు కూడా చెప్పాం.


ఏలూరు,
12 సెప్టెంబరు.

గౌరవనీయులైన రాజ్యం గారికి,
జబ్బార్ నమస్కారాలు.

బస్సు సీటులోనే వెళ్లిపోవడం, రెండు రోజులకు కన్ను మూయడం, ఈ రెంటి మధ్య తేడా ఫైల్లో కొంచెం ఇబ్బంది. బుధవారమే ఖాయం చేశాం. మీ మొదటి ఉత్తరం మీద కూడా అదే తేదీ ఉంది. ఆ రోజు కూడా కూర్చుని దరఖాస్తు రాశారంటే, మెడల్ మీకూ ఒకటి ఇవ్వాల్సింది.

పేరు విషయంలో మా అటెండరు జయకృష్ణ గారిని అడిగాను. శివుడికి వెయ్యెనిమిది పేర్లున్నాయనీ, కాలమ్ సరిపోదనీ అన్నారు. బాగా వాడుకలో ఉన్నదని 'శంకరప్రసాద్' అని నమోదు చేశాం.

గురువారం నాకు ఆడిట్ ఉంది. విభాగం తరఫున జయకృష్ణ గారు పూలతో వస్తారు.

సానుభూతితో,
అబ్దుల్ జబ్బార్

తా.క.: పదకొండో రోజున కొరమీను పెట్టే ఆచారం మాకు తెలియదు. లంకల్లో ఉంటుందని జయకృష్ణ గారు గట్టిగా చెప్పారు.


ఏలూరు,
15 సెప్టెంబరు.

గౌరవనీయులైన రాజ్యం గారికి,

జయకృష్ణ గారు నిన్న సాయంత్రం తిరిగి వచ్చారు. ఇంకా తేరుకోలేదు. వారు చెప్పినది మీకు తెలిసిందే అయినా రికార్డు కోసం రాస్తున్నాను.

ఆయన పడవ దిగేసరికి మైకులో సినిమా పాటలు వస్తున్నాయట. పూలచక్రాన్ని గుమ్మంలో మీ మరిది గారు శ్రీ ఈశ్వరప్రసాద్ గారు అందుకున్నారు. పేరు రసీదు మీది సంతకాన్ని బట్టి తెలిసింది. అన్నగారి కోసం ఎంత ఏడ్చారో, ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్నారట. రిబ్బను మీద 'స్వర్గీయ శంకరప్రసాద్ గారికి అశ్రునివాళి' అన్నది రెండుసార్లు చదివి, "అయ్యో పాపం, ఎప్పుడండీ?" అని అడిగారట. తరువాత ఆయనే పాటలు ఆపించి, అందరినీ నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారట. మీరు వంటింట్లోంచి బయటికి రాలేదని విన్నాను. అర్థం చేసుకోగలను.

ఒక్క సంగతి. రసీదులో 'మృతునికి ఏమవుతారు' అన్న గడిలో మీ మరిది గారు 'తెలియదు' అని రాశారు. అన్నదమ్ముల మధ్య మాటపట్టింపులు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. దిబ్బకు పేరు పెట్టడంలో తమకు అభ్యంతరం లేదని వారి చేత ఒక కాగితం రాయించి పంపగలరు.

ఇట్లు,
అబ్దుల్ జబ్బార్

తా.క.: పులుసు చాలా బాగుందని జయకృష్ణ గారు చెప్పమన్నారు. మూడుసార్లు వేయించుకున్నందుకు క్షమించమన్నారు.


నడిమిలంక,
20 సెప్టెంబరు.

జబ్బార్ గారికి,

మా పోస్ట్‌మాన్ సెలవులో ఉండి మీ ఉత్తరాలు రెండూ నిన్న కలిపి ఇచ్చాడు. ఒకదాని వెనక ఒకటి చదివి, మంచినీళ్లు తాగి రాస్తున్నాను.

ఆకుపచ్చ గుడ్డాయన మా మరిది కాదండి. నాకు మరుదులే లేరు. ఆయన మా ఆయనే. వెళ్లింది తాడేపల్లిగూడెం. అక్కడ మా అమ్మాయి ఇంట్లో ఉండి కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. కన్ను మూసింది డాక్టరు గారు. గురువారం తిరిగొస్తున్నారని, మొక్కుకున్నాను కాబట్టి భోజనాలు పెట్టాం. నేను వంటింట్లో ఉన్నది ఏడవడానికి కాదు, చేప ముక్కలు విడిపోకుండా చూడటానికి.

ఆయనకి ఇంకా ఏమీ తెలియదు. మీ పూలచక్రం వసారాలో మేకుకు తగిలించి, వారం నుంచి ఊళ్లో ఇంటింటికీ వెళ్లి "శంకరప్రసాద్ గారు మీకేమవుతారండీ?" అని అడుగుతున్నారు. ఎవరూ లేనివాడు పోయాడని బాధపడి, మొన్న వినాయకచవితి పందిట్లో ఆ శంకరప్రసాద్ పేరు మీద కొబ్బరికాయ కూడా కొట్టించారు.

మీది తప్పని నేననను. నేనూ చూసి రాయాల్సింది. కానీ జబ్బార్ గారూ, నలభై తొమ్మిదేళ్లుగా ఎదురుగా ఉన్న మనిషిని రెండు ఉత్తరాల్లో సాగనంపేశాం. మీ సంతాపం చదివి, నిజంగా అలా అయితే ఎలాగా అని ఒక గంటసేపు కూర్చుండిపోయాను.

ఆయన బతికే ఉన్నారు. పేరు పెట్టండి.

ఇట్లు,
రాజ్యం

తా.క.: ఆయన పేరు మీరే కనిపెట్టేశారు. సంతకం చూసి ఒకసారి పైకి చదువుకోండి. నేనైతే చెప్పలేదు.


ఏలూరు,
25 సెప్టెంబరు.

శ్రీ ఈశ్వరప్రసాద్ గారికి,
అబ్దుల్ జబ్బార్ నమస్కరించి, క్షమాపణలతో రాయునది.

అయ్యా, మీరు జీవించి ఉన్నారన్నది మా విభాగానికి ఎంతో సంతోషం, ఫైలుకు కొంత ఇబ్బంది. బతికి ఉన్నవారి పేర్లు ద్వీపాలకు పెట్టకూడదని మా నిబంధన. దరఖాస్తును తిరస్కరించడానికి నాకు చేతులు రాలేదు. 'ప్రస్తుతానికి అర్హత లేదు' అని రాసి పెండింగులో ఉంచాను. ఎన్నాళ్లు పెండింగులో ఉంటే అంత ఆనందిస్తాను.

ఇదంతా మీ శ్రీమతి మీకు తెలియకుండా చేశారు. దయచేసి వారిని ఏమీ అనకండి. మొదటి తప్పు 'లేరు' అన్న మాటది, రెండోది నాది.

అర్హులైన వీరుడు వేరే ఎవరైనా ఉంటే, వివరాలు పంపితే ఇదే ఫైలులో పరిశీలిస్తాం. ఘనకార్యం గురించి ఒక పేరా తప్పనిసరి.

విధేయుడు,
అబ్దుల్ జబ్బార్

తా.క.: రెండో కన్ను ఎప్పుడు చేయిస్తున్నారో ముందుగా తెలియజేయగలరు. జయకృష్ణ గారికి చెప్పి ఉంచుతాను.


నడిమిలంక,
2 అక్టోబరు.

జబ్బార్ గారికి,
ఈశ్వరప్రసాద్ నమస్కారాలు.

శంకరప్రసాద్ గారు ఎవరో తెలిసినందుకు సంతోషం. పూలచక్రం దించేశాను.

అర్హులైన వారు ఒకరున్నారు. పేరు నెల్సన్, ఊరు నల్లజర్ల. మీరడిగిన పేరా రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించండి.

డెబ్బై ఒకటి డిసెంబరులో, తూర్పు సరిహద్దు అవతల ఒక ఏటి దగ్గర మేమిద్దరం వెనకబడిపోయాం. అతనికి తొడలో గుండు తగిలింది. వంతెన లేదు, పడవ లేదు. నేను కొల్లేటివాణ్ణి కాబట్టి ఈత ఒక్కటే వచ్చు. అతన్ని వీపుకు కట్టుకుని నీళ్లలో దిగాను. అవతలి గట్టు నుంచి కాల్పులు ఆగలేదు. అతను నిద్రపోకూడదని మా ఊరి కబుర్లు చెబుతూ ఈదాను. గూడబాతులు, దోనెలు, ఈ దిబ్బ, అన్నీ చెప్పాను. యుద్ధం అయ్యాక మీ దిబ్బ మీద నెల్లాళ్లు పడుకుంటానని అతను అంతకుముందే అన్నాడు. నేను చెబుతుంటే ఊఁ కొడుతున్నాడు. ఒడ్డుకు చేరాక డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపైంది అన్నాడు. ఆ ఊఁ ఎంతవరకు నెల్సన్‌దో, ఎక్కణ్ణుంచి నీళ్లదో నాకు ఇప్పటికీ తెలియదండి.

మెడల్ కాగితంలో 'సహచరుణ్ణి ఒడ్డుకు చేర్చాడు' అని ఉంది. అందులో అబద్ధం లేదు. కానీ ఎవరికి చెప్పినా చివర్లో "అతను బతికాడా?" అని అడుగుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. రాజ్యానికి కూడా.

అతను పోయిన తేదీ పదకొండు. స్థలం నీళ్లు. మీ నిబంధనకు అన్నీ సరిపోతాయి. దిబ్బ ఆర్నెల్లే ద్వీపం అన్నది నిజమే. అతను అడిగింది నెల రోజులేనండి.

ఇట్లు,
ఈశ్వరప్రసాద్

తా.క.: ఈ కవరు అంటించకుండా, పోస్టులో వేయమని రాజ్యానికి ఇస్తున్నాను. ఉత్తరం ఆలస్యంగా అందితే పోస్టాఫీసును ఏమీ అనకండి.

ఇంకో తా.క., రాజ్యం రాస్తున్నాను: చదివానండి. నెల్సన్ గారి పేరే పెట్టండి. ఈయన బయట గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూస్తున్నట్టు నటిస్తున్నారు. గంట నుంచి అక్కడే ఉన్నారు. నేను వెళ్లి పక్కన నిలబడతాను. కవరు రేపు అంటిస్తాను.