మరియమ్మ గారు

శనివారం రాత్రి, మోరిస్‌విల్

ఇంకా కలలోనే ఉన్నట్టుంది. లైబ్రరీలో నల్లజాతి రచయితల పుస్తకాలు చదువుకునే మా బృందానికి ఈ సాయంత్రం లొరెయిన్ గారు ఒక ఆత్మకథలోంచి పేజీ చదివి వినిపించారు. ఆవిడా నల్లజాతి మనిషే, రిటైరైన టీచరు. నల్లవాళ్ళను లోపలికి రానివ్వని హోటల్ వెనక కిటికీ దగ్గర నిలబడి భోజనం పొట్లం అందుకునే ఒక ముసలామె కథ. వింటుంటే ఆ కిటికీ దగ్గర మా అమ్మమ్మ కనిపించింది.

ఆవిడ ఆపగానే నేను చెప్పేశాను. మేం మాలలమని, ఊళ్ళో టీకొట్టులో అమ్మమ్మకు వేరే గ్లాసు ఉండేదని, తాగాక తనే కడిగి చూరులో పెట్టేదని. అమెరికా వచ్చాక ఎవరికీ చెప్పలేదు. నన్ను కార్లో తీసుకెళ్ళే స్నేహితురాలు సుజాతకు కూడా. ఆమె పక్కనే కూర్చుని వింది.

తిరిగొస్తుంటే సుజాత మాట్లాడలేదు. పైన్ చెట్ల మధ్య మసక వెలుగులో కారు నీళ్ళమీద తేలుతున్నట్టు పోతోంది. ఈ స్నేహం ఇంతటితో సరి అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాక అంది.

“అలాంటి గ్లాసు మా ఇంటి చూర్లో కూడా ఉండేదండీ. మా పాలేరుకి.”

ఎర్రలైటు వంకే చూస్తూ మళ్ళీ తనే అడిగింది.

“మీ అమ్మమ్మ పేరేంటండీ?”

“మరియమ్మ.”

“మరియమ్మ గారు,” అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు.

అలాంటి ఇళ్ళవాళ్ళు అమ్మమ్మను “ఒసేయ్ మరీ” అనడమే విన్నాను. గ్రీన్ పడింది, వెనకెవరో హారన్ కొట్టారు. సుజాత కళ్ళు తుడుచుకుని కారు కదిపింది.

రేపు ఫోన్ చేస్తుందో లేదో, ఎవరెవరికి చెబుతుందో. అమ్మకు మాత్రం చెప్పాలి, అమ్మమ్మను ‘గారు’ అన్నారని. నమ్ముతుందో లేదో...