బావకు పంపుతున్న చెవి డొప్పలు

అక్కకు నీ తమ్ముడు సాయిలు దండం పెట్టి రాసేది. అవ్వ కాళ్లకు మొక్కానని చెప్పు. నేను తింటున్నాను, తిరుగుతున్నాను, పనికి పోతున్నాను, నా గురించి రంది పెట్టుకోవద్దు. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? పాప బడికి పోతోందా, లేక ఇంకా కడుపునొప్పి అని ముసుగు తన్ని పడుకుంటోందా? పిట్లం అంగట్లో కొన్న బర్రె ఈనిందా?

ఈ కాలంలో ఉత్తరమేంది, ఫోన్ చేస్తే అయిపోయేది కదా అని తిట్టుకుంటావు. తిట్టుకో. నీ వాయిస్ మెసేజ్‌ను నా రూములో ఉండే రఫీక్ భాయ్ విని నాకు గట్టిగా చెప్పాడు. "తమ్ముడు పెద్దోడైండు, మనతోని మాట్లాడనీకి టైం దొర్కుత లేదు" అన్నావట. పెద్దోణ్ణి కాలేదక్కా, చెవిటోణ్ణి అవుతున్నాను. ఎడమ చెవి సగం పోయింది, కుడిది అంతంతమాత్రం. నువ్వు ఫోన్లో మాట్లాడితే గుసగుస తెలుస్తుంది గానీ మాట తెలియదు. ఊకె "ఆఁ? ఆఁ?" అనడానికి సిగ్గేసి ఫోన్ ఎత్తడమే మానేశాను. అదీ సంగతి. రఫీక్ భాయ్ సెలవు మీద బాన్సువాడ వస్తున్నాడు కాబట్టి ఆయన చేతికే ఈ ఉత్తరం, పెట్టె ఇస్తున్నాను.

నా పని నీకు తెలిసిందే. ఈ ఎడారి దేశంలో, ఊరవతల ఇసుకలో తుపాకులు కాల్చే మైదానం. సెలవు రోజున డబ్బున్నోళ్లు పెద్ద పెద్ద కార్లలో వస్తారు. మేము మిషన్లో మట్టి బిళ్లలు పెడితే అవి గాల్లోకి ఎగురుతాయి, వాళ్లు ఢాం ఢామని కాలుస్తారు. తర్వాత మేము ఖాళీ తూటాలు ఏరాలి. ఎండ గురించి ఏం రాయను, మన నడి ఎండాకాలం దీని ముందు నయం. రూముకొచ్చేసరికి వండుకునే ఓపిక ఉండదు. అన్నంలో పెరుగు, పచ్చిమిరపకాయ, అంతే. మాట్లాడుకుందామంటే ఒకడి మాట నాకు వినపడదు, నా అరుపు ఇంకొకడికి గిట్టదు. ఇంత అలసట ఎప్పుడూ ఎరగనక్కా.

చెవులు ఎట్లా పోయాయంటావా? కంపెనీ వాళ్లు డొప్పలు ఇచ్చారు, అన్యాయం మాట్లాడకూడదు. రెండు చెవుల మీద కూర్చునే రెండు గిన్నెల్లాంటివి, మేమంతా డొప్పలనే అంటాం. మరి మేమేం చేశాం? మక్కజొన్న చేనుకు పోయేటప్పుడు తలకు తువ్వాల చుట్టినట్టే ఇక్కడా చెవుల మీదుగా చుట్టి, దానిపైన డొప్పలు పెట్టుకున్నాం. నేను, నాతో పనిచేసే జగిత్యాల వాళ్లు, అందరం అంతే. చెమట కారదు, పైగా చెవికి రెండు పొరల కాపలా అని సంబరం. మా సూపర్‌వైజర్ ఒకరోజు నా డొప్ప కింద వేలు పెట్టి, వచ్చీరాని హిందీలో "ఇధర్ దర్వాజా ఖులా హై" అన్నాడు, ఇక్కడ తలుపు తెరిచే ఉందట. నిజమే, తువ్వాల మడతల సందులోంచి పేలుడంతా లోపలికే వస్తోంది. అప్పటికే చెవుల్లో కీచురాళ్లు చేరాయి. అవి ఇప్పటికీ ఆగలేదు, పడుకున్నా ఆగవు. పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడు డాక్టరు. నేను ఒక్క తూటా కాల్చలేదక్కా, ఇంకొకళ్ల సరదాకు నా చెవులు పోయాయి.

ఇక బావ సంగతి. మక్క చేను పాడుచేసే అడవిపందులను కాల్చడానికి బావకు అనుమతి వచ్చిందని, చెవులకు పెట్టుకునే మిషన్ కావాలని ఆ మెసేజ్‌లోనే చెప్పావట. "నువ్వు గన్నుల కాడనే పని చేస్తవు గదా, మంచిది చూసి పంపు" అన్నావట. చూశాను. ఇంత శ్రద్ధగా నా పెళ్లికి పిల్లను కూడా చూడలేదు.

చెవిలో కుక్కుకునే స్పంజి బిళ్లలు బావకు పనికిరావు. ఆయనకు అప్పుడప్పుడు చెవిలో చీము కారుతుంది కదా, అందులో మళ్లీ మళ్లీ మురికి వేలు పెట్టడమెందుకు? మామూలు డొప్పలు పేలుడును ఆపుతాయి, కానీ మనిషి మాటనూ ఆపుతాయి. మక్క చేన్లో పక్కనున్నవాడు "ఆగు బావా, అటు మనిషున్నడు!" అంటే వినపడకపోతే ఏమవుతుందో ఆలోచించు. అది వినాలని డొప్ప పక్కకు జరిపితే సరిగ్గా అప్పుడే పందొస్తది, అప్పుడే కాలుస్తడు. నేను చూసిన వాళ్లంతా అట్లాగే చేస్తారు. అందుకే బ్యాటరీవి పంపుతున్నాను. బయట చిన్న మైకులుంటాయి. మెల్లని మాట, ఆకుల గలగల లోపలికి పెద్దగా వినిపిస్తాయి, పేలుడు రాగానే మిషనే అణిచేస్తుంది. చప్పుడు పెంచేదైతే తుపాకీ చప్పుడు కూడా పెంచదా అని బావ అడుగుతాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. పెంచదు, పెట్టుకుని చూశాను.

మైకు రెండు వైపులా వేరువేరుగా ఉంది, చప్పుడు ఏ పక్కనుంచో తెలుస్తుంది. డొప్ప పలుచనిది, తుపాకీ చెంపకు ఆనించినప్పుడు పైకి లేవదు. దాని బ్యాటరీ సెల్లులు ఎల్లారెడ్డిలో దొరుకుతాయి. సెల్లు అయిపోయినా డొప్ప డొప్పే, పేలుడును ఆపుతుంది, తీసి పారెయ్యొద్దని చెప్పు. ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టించుకో. దాని కింద తువ్వాల చుట్టొద్దు, టోపీ అంచు రావొద్దు. బావ పక్కన నిలబడేవాడు కూడా ఏదో ఒకటి పెట్టుకోవాలి. పక్కన నిలబడ్డవాడి గతి ఏందో నన్ను చూస్తే చాలు.

అవి కొత్తవి కావు. నాకోసమే కొనుక్కున్నాను, కొన్నాళ్లు వాడాను. మొన్న మాకు సెలవిచ్చిన రోజు రూములో వాళ్లంతా బజారుకు పోయారు. డొప్పలు పెట్టుకుని, చప్పుడు పెంచి, ఫోను బల్ల మీద పెట్టి అవ్వ పాత మెసేజ్ పెట్టాను. "సాయిలూ, తిన్నవా బిడ్డా? ఎందుకు మాట్లాడ్త లేవు? ఎవలన్న ఏమన్న అన్నరా?" అంది. అవ్వ దగ్గు వినపడింది. వెనక బర్రె మెడలో గంట కూడా వినపడింది. ఎన్ని నెలలైందో అక్కా, ఆ గొంతు అంత సాఫీగా విని! ఎన్నిసార్లు పెట్టుకున్నానో లెక్క లేదు. ఏడ్చాను కూడా, నీకు చెప్తే తప్పేముంది.

అయినా పంపుతున్నాను, పనిలోకి నాకు కంపెనీ డొప్పలున్నాయి, ఇప్పుడు కింద తువ్వాల చుట్టడం లేదు. మక్క పాలు పోసుకునే కాలమొచ్చింది, బావ చేన్లోకి పోక తప్పదు. చీము కారినా ఆయన చెవులకు ఇంకా మంచిగనే వినపడుతుంది. నా చెవులకు ఇది వినిపించే మిషన్, ఆయన చెవులకు కాపాడే మిషన్. రేపు పాప పిలిస్తే బావ పలకాలి. వద్దు అంటాడు, వినొద్దు.

అవ్వకు నా సంగతి నువ్వే మెల్లగా చెప్పు. ఇక నుంచి మొహం కనిపించే ఫోన్ చెయ్యి, అవ్వను వెలుగులో కూర్చోబెట్టు, నోరు కనిపించాలి. పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంటున్నాను. అన్నీ రావడం లేదు గానీ, "తిన్నవా బిడ్డా" అన్న మాట అవ్వ నోట్లో ఎట్లుంటుందో నాకు ఎరుకే. ఎత్తుతాను అక్కా, ఎత్తి, "తిన్ననే అవ్వా" అని చెప్తాను.

అత్తమామలకు దండాలు. పాపకు ముద్దులు. మీ దీవెన ఉండాలి.

నీ తమ్ముడు,
సాయిలు