మెడ కాడ ఇరిగిన నీ గోల్ఫ్ కర్ర

డేవిడన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల చర్చిల ప్రార్థన పెట్టిచ్చినం.

నీకు చెప్పాల్సిన ముచ్చట వేరే ఉంది. పోయిన వారం సారపాక కాలనీ గ్రౌండ్ల ఆడుతుంటె నీ గోల్ఫ్ కర్ర మెడ కాడ పుటుక్కున ఇరిగింది. ఇనుప తల ఎగిరిపోయి జామాయిల్ చెట్లల్ల పడ్డది.

"చింతకాయలు రాల్చి రాల్చి నా కర్ర ఖరాబు చేస్తున్నవ్" అని ఎప్పుడూ నన్నే తిడుతుంటివి. ఆ తలను ఎతికి తెచ్చి వెల్డింగ్ షాపు ఖాదర్ చాచాకు చూపిస్తె, "లోపలంతా తుప్పు బిడ్డా. తడిసిన కర్రను తుడవకుండ సంచిల పెట్టిండ్రు" అన్నడు. వానల ఆడొచ్చి, గట్లనే సంచిల కుక్కి పండుకున్నదెవరు?

ఇంకో పాత కర్ర రాడ్డు కోసి ఈ తలకు ఎక్కించిండు చాచా. ఇప్పుడు ఆట అయిపోంగనే మెడ దాకా పొడి గుడ్డతోని తుడుస్తున్న. చెట్ల వేర్ల మీద బంతి ఆగితే జోరుగ కొడ్తలేను. రేపు ఆదివారం పోటీకి పేరిచ్చిన. పేర్లు రాసుకునేటోళ్లు పోటీల ఆడోళ్లెవరూ లేరన్నరు. "నేనున్న కదా" అని చెప్పిన.

ఈ కర్రను ఇరగనియ్య. చింతకాయలకు వెదురు బొంగు తెచ్చుకున్న. ఇగ నన్ను తిట్టేటందుకు నీకేం మిగల్లేదన్నా.

నీ చెల్లె,
రూతు