వేరే కట్టిన సంచి

మోతె,
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం వంకాయల సంచిలో పెట్టి సూర్యాపేట బస్సులో పంపుతున్నాను. ఫోన్‌లో అయితే నన్ను చివరిదాకా చెప్పనియ్యవు.

"మా తమ్ముని తోట. పురుగుల మందు కొట్టడు. పొద్దున తెంపింది పొద్దుననే వస్తది" అని మీ కాలనీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పావు. అప్పుడది నిజమే. తర్వాత వాళ్ళు రెండు గంపలు తిప్పి పంపారు. "పుచ్చులున్న కాయ ఎవరు తింటరు తమ్మీ? జర మంచియి పంపు" అన్నావు. ఆ వారమే మందు కొట్టాను. అప్పటి నుంచి ఒక్క పుచ్చు లేదు, అందరూ మెచ్చుకుంటున్నారు.

బోరు పక్కన రెండు సాళ్ళు మాత్రం మందు కొట్టకుండా వదిలాను. ఒకటి మా ఇంటికి, ఒకటి నీకు. నీవి చిన్న సంచిలో వేరే కట్టి పంపుతూ వచ్చాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న ఫోన్‌లో ఏమన్నావు? "చిన్న సంచిల అన్నీ పుచ్చులే ఉంటున్నయి, పనామెకు ఇస్తున్న. మన జ్యోతి కడుపుతోని ఉన్నది గద, బిడ్డకు నిగనిగలాడేటియే ఏరి వండుతున్న."

పక్కనే విన్న నీ మరదలు అన్నం ముందు నుంచి లేచిపోయింది.

జ్యోతికి ఇక ఈ చిన్న సంచిలోవే వండు. పుచ్చు ఉన్నంత మేర కోసి పారెయ్యి. పురుగు బతికిన కాయ మనిషిని ఏమీ చెయ్యదు.

పుచ్చు వంకాయ చేతపట్టుకొని, ఇదే మంచిదని మళ్ళీ ఇల్లిల్లూ తిరగగలవా? తిరుగుతానంటే మందు మానేస్తాను. లేదంటే కాలనీకి నున్నటివే వస్తాయి.

నీ సంచి మాత్రం వేరే కడతాను.

నీ తమ్ముడు