పాత ప్రింటర్ అనే ఫోల్డర్

మార్చి 4, సాయంత్రం 6.00

చెల్లి ఫోన్ చేసింది. ఆదివారం వస్తుందట, పాప ఫోటోలు చూస్తుందట. మూడేళ్లలో అడగడం ఇదే మొదలు. ఇప్పుడు తనకి మళ్ళీ ఏడో నెల.

చెల్లి మొదటి పాప తొమ్మిది రోజులే బతికింది. మొత్తం నలభై మూడు ఫోటోలు. నా దగ్గరుంటే పొద్దస్తమానం అవే చూస్తూ కూర్చుంటానక్కా, నువ్వే దాచు, అడిగినప్పుడు ఇద్దువుగాని అని నాకిచ్చి, తన ఫోన్‌లోవీ వాళ్ళాయన ఫోన్‌లోవీ తుడిచేసింది.

అందుకే రెండు డిస్కులు కొన్నాను. ఒకదాంట్లో ఏం పెట్టినా రెండోదాంట్లోకి దానంతటదే వెళ్తుంది. గుండె మీద చెయ్యేసుకుని ఉన్నాను ఇన్నాళ్ళూ.

6.40

ఫోల్డర్ లేదు.

7.15

రెండోదాంట్లోనూ లేదు.

మార్చి 5

మా ఆయన తీసేశాడు. నాలుగు నెలల కిందట చోటు చాలక సర్దుతుంటే 'పాత ప్రింటర్' అని ఫోల్డర్ కనిపించిందట. ప్రింటరే ఎవరికో ఇచ్చేశాం, దాని గొడవ మనకెందుకని చెరిపేశాడట.

ఆ పేరు పెట్టింది నేనే. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా పాప అని కనబడితే తట్టుకోలేక, ఎవరూ వేలు పెట్టని పేరు వెతికి మరీ పెట్టాను. పెళ్ళయ్యాక ఈయన తనంతట తాను సర్దిన వస్తువు ఇదొక్కటే. అరిచాను. ఆయన చెరిపింది ఒక డిస్కులోనే. రెండోది ఆ సాయంత్రమే బుద్ధిగా తనూ చెరిపేసుకుంది.

నేను పనిచేసేది ఆస్పత్రి ల్యాబ్‌లో. పదమూడేళ్లలో ఒక్క రక్తం శాంపిల్‌కీ తప్పు లేబుల్ వెయ్యలేదు.

మార్చి 6, మధ్యాహ్నం

రికవరీ షాపాయన, చెరిపాక డిస్కులు మళ్ళీ వాడారా అని అడిగాడు. నాలుగు నెలలూ వాడామన్నాను. వాడితే చెరిపినవాటి మీద కొత్తవి ఎక్కేస్తాయట. ఆ తర్వాత నా మొహం చూడలేదు. డిస్కుల్నే చూస్తూ మాట్లాడాడు. రెండోది మొదటిదాన్ని అనుకరిస్తుందే తప్ప కాపాడదమ్మా అన్నాడు. మూడు కాపీలుండాలట. ఒకటి ఇంటి బయట ఉండాలట. ఇక్కడ చెరిపినా పాతది అట్టే పెట్టేది ఒకటి ఉండాలట.

ఇప్పుడెందుకు ఇవన్నీ అనాలనిపించింది. అన్నీ రాసుకుని, డిస్కులు ఆయన దగ్గరే వదిలి వచ్చాను.

మార్చి 7

చెల్లికి చెప్పేశాను. ఏడవలేదు. ఒక్కటే అడిగింది, పాపకి చెవి వెనక పుట్టుమచ్చ ఏ వైపక్కా అని. తను కుడి అంటుందట, వాళ్ళాయన ఎడమ అంటాడట. నెల రోజులుగా ఇంట్లో అదే గొడవట. చూసి తేల్చుకుందామనే అడిగిందట. పోనీలే, నువ్వు చూసుంటావుగా, చెప్పు అంది.

నేను చూడలేదు. ఆస్పత్రిలో చూసిన రెండుసార్లూ పాపకి చెవుల మీదికి టోపీ ఉంది. ఫోటోలు మూడేళ్లలో ఒక్కసారీ తెరవలేదు. భయం. దాచడమే నా పని అనుకున్నాను.

అదీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

మార్చి 9, ఆదివారం

చెల్లి రాలేదు.

షాపాయన ఫోన్ చేశాడు. ఒక్కటి దొరికిందట, అదీ సగమే. కిందంతా బూడిద రంగట. పంపించాడు. గంట నుంచి తెరవకుండా దాని ముందే కూర్చున్నాను.

మార్చి 10

ఎడమ.

నర్సు టోపీ మారుస్తుంటే తీసిన ఫోటో. ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లి దగ్గర, ఒకటి ల్యాబ్‌లో నా లాకర్‌లో. ఫోల్డర్ పేరు పాప.

ఇవాళ నాలుగుసార్లు తెరిచాను.