అడిగితే వదిలేసేవాళ్ళం

మారిట్ చెల్లీ,

ఆదివారం కొన ఊపిరితో ఉన్న అమ్మను చివరిచూపు చూడ్డానికైనా ఎందుకు రాలేదని అడిగావు. ఆ రోజు నాది రిజర్వ్ డ్యూటీ. ఏ పైలట్‌కైనా జబ్బు చేస్తే అతని బదులు నేను వెళ్ళాలి. పిలిచిన రెండు గంటల్లో మినియాపొలిస్ విమానాశ్రయంలో ఉండాలి. అమ్మ ఉన్న ఫార్గోకేమో అక్కణ్ణించి నాలుగు గంటల దారి. అందుకే యూనిఫాం వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని అద్దెగదిలోనే కూర్చున్నాను.

నేను మునుపు పనిచేసిన విమాన కంపెనీలో, రిజర్వ్ డ్యూటీ నుంచి వదలమని అడిగితేనే గైర్హాజరు రాసేసేవాళ్ళు. ఆ భయం ఒంట్లో పాతుకుపోయింది. ఈ కంపెనీలో చేరేముందు రెండు కంపెనీల నిబంధనలూ అమ్మ వంటింటి బల్ల మీదే పక్కపక్కన పెట్టి చూశాను. అయినా ఆ ఒక్క వాక్యం నా కంట పడలేదు.

నిన్న అంత్యక్రియలకు సెలవు అడిగితే, డ్యూటీలు వేసే గ్రెటా అంది: "అయ్యో కెప్టెన్, ఆదివారం పదకొండుమంది రిజర్వ్ పైలట్లు ఖాళీగా ఉన్నారు. నిబంధనల్లోనే ఉంది, ఒక్క మాట అడిగితే పొద్దున్నే వదిలేసేవాళ్ళం కదండీ!"

అమ్మ నాకోసం అడిగిందా? వద్దులే, చెప్పకు.

ఆ రోజంతా నా ఫోను ఒక్కసారే మోగింది. మొదటి రింగుకే ఎత్తి, "సిద్ధంగా ఉన్నానండీ" అన్నాను. అటునుంచి నీ ఏడుపు వినబడింది.

అన్నయ్య