రాయగడ దాకా పదహారు వారాలు

6 జూలై 1983, బుధవారం

నోటీసు బోర్డు మీద కొత్త కాగితం. ఆగస్టు పదిహేనున పరుగు. తెరుబలిలో మా ప్లాంటు గేటు నుంచి రాయగడ ఆస్పత్రి మైదానం దాకా. ఇరవై ఒక్క కిలోమీటర్లు. సగం మారథాన్ అంటారట. కింద చిన్న అక్షరాల్లో: చివర గ్లూకోజు నీళ్ళు ఆస్పత్రి నర్సులు అందిస్తారు.

నర్సులు... ఆ మాట దగ్గరే నిలబడిపోయాను.

నా భార్య సుగుణ నన్నొదిలి ఆ ఆస్పత్రికి నర్సుగా వెళ్ళిపోయి రెండేళ్ళ నాలుగు నెలలు.

పేరు ఇచ్చేశాను. వయసు నలభై ఆరని రాస్తే గుమాస్తా తలెత్తి చూశాడు.

7 జూలై

స్కూల్లో పి.టి. చెప్పే పండా మాస్టారిని అడిగాను. ఎన్నడూ పరుగెత్తనివాడికి నాలుగు నెలలైనా కావాలన్నాడు. వారానికి నాలుగు రోజులే. పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగా. దూరం కొద్దికొద్దిగా పెంచుతూ. నలభై రోజులే ఉంది గదా అంటే, వచ్చే ఏడు చూసుకోండి అన్నాడు.

వచ్చే ఏడు దాకా నావల్ల కాదు.

నలభై చాలు. బైబిల్లో ఆ ప్రవక్త దేవదూత పెట్టిన భోజనం బలంతోనే నలభై దినాలు నడిచాడు. రాజు రథానికి ముందు పరుగెత్తాడు. ఆయనకి ఏ పి.టి. మాస్టారు నేర్పాడు?

11 జూలై

మూడు కిలోమీటర్లు. వాన. కాన్వాసు బూట్ల నిండా నీళ్ళు. స్టేషను దగ్గర పాసింజరు బండి గార్డు అప్పన్న చూశాడు.

"రైలుండగా కాళ్ళెందుకన్నా అరగదీసుకుంతావు? టికెట్టు డబ్బులు కానుక పెట్టిలో ఏసేసేవేటి?"

నవ్వు రాలేదు. రైల్లో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ సుగుణ ఆస్పత్రి గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది, పేషెంటు తాలూకు మనిషితో మాట్లాడినట్టు. "మీరెప్పుడూ మండుకుంతానే వస్తారు. తీర్పు సెప్పేసి ఎళ్ళిపోతారు."

15 జూలై, శుక్రవారం

ఉపవాసం. అయినా ఎనిమిది కిలోమీటర్లు. కళ్ళు తిరిగాయి. స్తోత్రం.

17 జూలై, ఆదివారం

ఎప్పట్లానే మా చర్చిలో ప్రసంగానికి లేచాను. మూడో బెంచీలో ఎవరో. ఆమె కాదు.

రెండేళ్ళ కిందట, ఆమె వెళ్ళిపోయిన ఆ ఆదివారం, కాన్పు కేసు చూసుకుని ఆలస్యంగా వచ్చింది. చీరకింకా డెటాలు వాసన. నేను వేదిక పైనుంచి మొదలుపెట్టాను — దేవుని సన్నిధి కన్నా ఉద్యోగం ఎక్కువైపోయిన ఇల్లాళ్ళ గురించి. పేరు చెప్పలేదు. అన్ని తలలూ అటే తిరిగాయి. పాటల పుస్తకం మూసి, బెంచీ మీద పెట్టి, బయటికి నడిచింది.

తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారని ఆ సాయంత్రం తెలిసింది నాకు.

22 జూలై, శుక్రవారం

మళ్ళీ ఉపవాసం. పన్నెండు పూర్తి చేయాలని పంతం. తొమ్మిది దగ్గర ఎడమ మోకాలి కింద ఎముకలో సూది దిగినట్టు. ఆగలేదు. పడ్డాను. ఇటుకల లారీ వాడు ఎక్కించుకొచ్చాడు.

23 జూలై

నాలుగు వారాలు పరుగు లేదు. డాక్టరు మాట.

పద్దెనిమిదేళ్ళుగా ప్లాంటులో లోహం కరిగించే ఫర్నేసు దగ్గర పని. లోపల సరుకు పూర్తిగా కరగకముందే మూతి పొడిచి బయటికి తీయబోతే ఏమవుతుందో కొత్తవాళ్ళకి చెప్పేది నేనే.

15 ఆగస్టు

జెండా ఊపారు. వెళ్ళిపోయారు. నేను గేటు పక్కన, కర్రతో.

ఈపాటికి గ్లాసులు అందిస్తూ ఉంటుంది... ఎవరెవరికో.

17 ఆగస్టు

రాయగడ నుంచి అప్పన్న వచ్చాడు. సుగుణ పరుగులో వచ్చినవాళ్ళ జాబితాలో నా పేరు వెతికిందట. కనబడక అతన్ని అడిగిందట. కాలు సంగతి, ఉపవాసం, ప్రవక్త, నలభై దినాలు — అతను ఏదీ దాచలేదు. ఆమె అన్న మాటలు ఆమె అన్నట్టే చెప్పాడు.

"ఆ ప్రవక్త నడవక ముందు రెండుసార్లు పడుకున్నాడు, రెండుసార్లు తిన్నాడు. ఆ ముక్క ఎప్పుడూ సదవలేదేటి? నాలుగు నెలలు పడతాది. తినీసి, నిదానంగా పరిగెత్తమను. అంతకు ముందు రావద్దను."

గ్రంథం తీశాను. ఉంది. రెండుసార్లు. నేను ఎర్ర పెన్సిలుతో గీత గీసిన మాటకి పైనే. ఈ అధ్యాయం మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో.

అంతకు ముందు రావద్దను... అంటే, ఆ తరవాత?

22 ఆగస్టు, సోమవారం

నాలుగు నెలలంటే పదహారు వారాలు. ఇది మొదటి వారం. రెండు కిలోమీటర్లు, సగం నడకే. పండా మాస్టారు సైకిలు మీద పక్కనే, ఏదో ఒకటి అడుగుతూ. జవాబు చెప్పలేకపోతే ఆగమంటాడు.

26 ఆగస్టు, శుక్రవారం

ఉపవాసం. పరుగు లేదు.

18 సెప్టెంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక ముసలి ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకుంది. "బాబూ, ఈయేళ మీరు సెప్పింది నాకు అర్దమైంది." పదేళ్ళుగా మొదటి బెంచీలో కూర్చుంటోంది.

15 అక్టోబరు

ఎనిమిదో వారం. పది. నొప్పి లేదు. ఇంట్లో రెండు కంచాలు కడిగాను. ఎందుకో.

26 నవంబరు

పద్నాలుగో వారం. తొమ్మిది వెళ్ళి, తొమ్మిది తిరిగి రావాలి. వెనక్కి తిరగాల్సిన మలుపు దగ్గర నిలబడ్డాను. ఇంకో పన్నెండు పోతే ఆమె గేటు. ఊపిరి ఉంది. కాళ్ళలో సత్తువ ఉంది.

నాలుగు నెలలు కాలేదు. తిరిగాను.

27 నవంబరు, ఆదివారం

ఆనాడు ఏ వేదిక మీదనుంచి అన్నానో అక్కడ నుంచే చెప్పాను. ఆనాడు ఆలస్యంగా వచ్చింది ఆమె కాదు, నేను. ఎవరూ తల తిప్పలేదు. అందరూ నన్నే చూశారు.

6 డిసెంబరు

చివరి వారం. శనివారం రాయగడ దాకా పరుగు. పరుగు తగ్గించి ఊరికే ఉండమన్నాడు మాస్టారు. అన్నిటికన్నా ఇదే కష్టం.

9 డిసెంబరు, శుక్రవారం

ఉపవాసం మానాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. రెండుసార్లు తిన్నాను. మధ్యాహ్నం పడుకున్నాను.

సాయంత్రం అప్పన్న. రేపు ఎన్ని గంటలకి బయలుదేరతానో సుగుణ కనుక్కోమందట. అయిదున్నరకని చెప్పమన్నాను. ఎందుకడిగిందో అడిగావా అన్నాను.

"నువ్వే అడుగన్నా. అంత దూరం ఎల్తన్నావు కదా."

10 డిసెంబరు, శనివారం

నాలుగింటికే మెలకువ. మంచు. గేటు లైటు కూడా కనబడటం లేదు.

బూట్లు వేసుకున్నాను. లేసులు కట్టుకున్నాను. అయిదూ పది.

ఇప్పుడే పోవచ్చు. కాళ్ళు ఆగడం లేదు.

అయిదున్నర అని చెప్పాను. లేసులు విప్పి, మళ్ళీ కడుతున్నాను...